ఎద్దు కొమ్ముల పులి, మూత లేని జీపు

వనపర్తిలో మా పక్కింటివాళ్లు గేటుకు పసుపు రంగు వేయిస్తున్నారు. వార్నిష్ వాసన వంటింటి దాకా వచ్చింది. అందరికీ ఆ వాసనకు తల తిరుగుతుంది, నాకు మా నాయిన గుర్తొస్తాడు. స్టవ్ కట్టేసి గోడ దాకా వెళ్లి చూశాను.

ఉప్పునుంతల దగ్గరి మా ఊళ్లో పీర్ల పండుగకు మా నాయిన పులి. ఒక్క బిడ్డ దక్కితే ఏటా పీర్ల ముందు పులై ఆడతానని నేను పుట్టకముందు మొక్కుకున్నాడట. బొంబాయి పక్కన ఎక్కడో కాలువ పనుల్లో జీపు నడిపేవాడు. ఏడాదికి ఒక్కసారి, ఆ మొక్కు కోసమే వచ్చేవాడు. నేను నిద్రపోయాక వచ్చి, నేను లేచేసరికి పీర్ల చావిడి వెనక వార్నిష్ కలిపిన పసుపు రంగులో సగం మునిగి ఉండేవాడు. గుండంలో చింతమొద్దులు కణకణలాడుతుంటే, డప్పులు మోగుతుంటే, ఆడవాళ్లు పీర్లకు దట్టీ గుడ్డలు కట్టి ముందు నీళ్లు పోస్తుంటే, సాయబుల ఇంటి షర్బత్తూ, రొట్టెల్లో బెల్లమూ నెయ్యీ కలిపి ముద్దచేసిన మలీదా చేతులు మారుతుంటే, పిల్లలంతా పులి తోక లాగి పరుగెత్తేవాళ్లు. నేను లాగేదాన్ని కాదు. సొంత నాయిన తోక ఎవరైనా లాగుతారా? సాయంత్రం కిరసనాయిలు గుడ్డతో ఎంత రుద్దినా చారలు పోయేవి కావు. ఆ చారలతోనే మరునాటి మొదటి బస్సెక్కేవాడు. నా కోసం మొక్కిన మొక్కే ఆయన ముఖాన్ని నాకు కనబడకుండా చేసిందని ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

మిగతా ఏడాదంతా ఇంట్లో అమ్మా నేనే. అమ్మ పల్లీ చేలకు కూలికి పోతే, ఎండ గోడ దిగి వాకిట్లోకి, వాకిట్లోంచి గేదె కొట్టంలోకి జరగడం చూస్తూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. రాత్రి బువ్వ తినేటప్పుడు మాత్రం అమ్మ జీపు కథ చెప్పేది. "దానికి మూతే లేదంట బిడ్డ, ఇంజనంత బయటికే కనబడ్తదంట. గొట్టంలకెల్లి మంటలొస్తయంట."

బడిలో సారు ఒకరోజు ఎవరి నాయినను వాళ్లు గీయమన్నాడు. నేను తల వంచుకుని పెన్సిల్ మొండి అయ్యేదాకా గీశాను. పులి ముఖం, మా ఎద్దు కొమ్ములు, గేదె గిట్టలు, త్వరగా ఇంటికి రావడానికి గద్ద రెక్కలు. ఆ ఆకారం జీపు నడుపుతోంది. జీపుకు ముందు చిన్న చక్రాలు, వెనక ట్రాక్టర్ చక్రాలు, నడుమ పేగుల్లా ఇంజను, గొట్టాల నిండా మంటలు.

"ఏందే ఇది? పులా, ఎద్దా?" అన్నాడు సారు.

"మా నాయిన సార్."

తరగతంతా గొల్లున నవ్వింది. సారు నవ్వలేదు, కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

ఆ ఏటి పండుగకు, రంగు ఆరడం కోసం చేతులు చాపి నిలబడిన నాయినకు అది చూపించాను.

"నేనేనా? కొమ్ములెందుకే బిడ్డా?"

"ఆడ ఎవరన్న కొట్టనీకొస్తే పొడుస్తవని."

పులి నోరంతా తెరిచి నవ్వింది. తర్వాత ఎందుకో నాయిన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బస్సెక్కేటప్పుడు ఆ కాగితం అంగీ జేబులో పెట్టుకుని పోయాడు.

మళ్లీ రాలేదు. పీర్ల పండుగ ఏటా కొంచెం ముందుకు జరుగుతూ వానల్లోంచి ఎండల్లోకి, ఎండల్లోంచి చలిలోకి వచ్చింది, ఆయన మాత్రం రాలేదు. ఆ కాలువ పని అయిపోయాక ఎటు పోయాడో తెల్వదని తోటివాళ్లు చెప్పారు. అమ్మ కొన్నేళ్లు చావిడి దాకా వెళ్లి చూసి వచ్చేది, తర్వాత మానేసింది.

ఇప్పుడూ మా ఊళ్లో పీర్లు లేస్తాయి, గుండం తవ్వుతారు. పులి లేదు. పులై ఆడతానని మొక్కుకునేవాళ్లూ లేరు, చావిడి వెనక నాయిన ఒంటికి చారలు దిద్దిన ముసలాయనా లేడు. నేను బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పుతాను, ఎవరి ముఖమైనా చూస్తే గీయగలను. నాయినది ఒక్క ఫోటో కూడా ఇంట్లో లేదు. ఎట్లుండేవాడని అడిగితే అమ్మ బతికున్నన్నాళ్లూ ఒకటే మాట చెప్పింది. "నీ తీరే ఉండె."

వనపర్తి బస్టాండులో బొంబాయి బస్సు దిగే ముసలివాళ్లను చూస్తూ నిలబడటం నాకు అలవాటైపోయింది. నా ముక్కు, నా నుదురు ఎవరికైనా ఉన్నాయేమోనని వెతుకుతాను. వాళ్లు మూటలు సర్దుకుని, నన్ను తప్పుకుని వెళ్లిపోతారు. వాళ్లలో ఆయన ఉన్నాడేమో నాకు తెలియదు, చారలు లేని ముఖాన్ని నేనెన్నడూ చూడలేదు.