కాయని వేరుశనగ

కొరాపుట్ కొండల్లో మా క్వార్టర్ వెనక వాలంతా ఏడాది పొడవునా పసుపు పూలే. ఆదివారాలు జనం వచ్చి ఫొటోలు దిగుతారు, పిల్లల్ని ఆ పూలమీద పొర్లనిస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది. కానీ ఏమని చెప్పి లేపను?

అది అడవి వేరుశనగ. ఆకూ పువ్వూ చేలో వేరుశనగలాగే ఉంటాయి, కాయ మాత్రం కాయదు. లాన్ బదులు పరచడానికని మా ఆయన పనిచేసే కంపెనీ టౌన్‌షిప్‌లో గెస్ట్‌హౌస్ ముందు వేశారు. వాలు మీదకి తెచ్చింది మా అత్తగారు.

నా తొలి బిడ్డ పురిట్లోనే పోయింది. పసిబిడ్డల్ని మాలో దహనం చెయ్యరు, పూడుస్తారు. మా ఆయనా అత్తగారూ వాలు మీద పూడ్చి, గుర్తుకి ఒక రాయి పెట్టి వచ్చారు. బాలింతనని నన్ను గడప దాటనివ్వలేదు. అత్తగారి పుట్టింటివాళ్లు లక్ష్మీపూర్ సంతలో వేరుశనగ కొనే వ్యాపారులు, ఏది కాస్తుందో ఏది కాయదో ఆవిడకి తెలుసు. మర్నాడు ఆవిడ గెస్ట్‌హౌస్ నుంచి నాలుగు తీగలు తెంపుకొచ్చింది, ఆ మట్టిమీద గుచ్చడానికి.

"సేలో సెనగైతే మనిసో పందో పీకీసిపోద్దమ్మీ. దీనికి కాయే నేదు. దీన్నెవుడు తవ్వుతాడు సెప్పు?" అంది.

నిజంగానే ఎవరూ తవ్వలేదు. నేను వెళ్లగలిగేసరికి చిన్న చాప పరిచినంత మేర పచ్చగా ఉంది. ఆ తరవాత వానలు పడేకొద్దీ కణుపు కణుపుకీ వేరు దిగి వాలంతా ఒకటైపోయింది. రాయి దాని అడుగున పడిపోయింది. అత్తగారూ పోయారు.

దిగులు పుట్టినప్పుడల్లా మా ఆయన్ని చూపించమనేదాన్ని. ఆయన చెయ్యి చాపితే అక్కడ కూర్చునేదాన్ని. కూర్చున్నంతసేపూ వీపు వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది. బిడ్డ పేరు పెట్టకుండానే పోయింది కాబట్టి, మావైపు ఆడపిల్లల్ని పిలిచినట్టు "అమ్మీ" అని పిలిచేదాన్ని.

వచ్చే నెల ఆయన రిటైర్మెంట్. విజయనగరం వెళ్లిపోతున్నాం. పిడికెడు మట్టి తీసుకెళ్దామని పొద్దున్న ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన చూపించిన చోట వంగి తీగ పక్కకి లాగబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"అక్కడో కాదో నాకూ తెల్దు. రాయి కనబడ్డం మానీసిన కాణ్ణుంచీ తెల్దు. నువ్వు ఏడుస్తన్నావని ఏదో ఓ సోటు సూపించీసేవోణ్ణి."

కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

మట్టి తియ్యకుండానే వచ్చేశాం. ఎక్కడ తవ్వినా బిడ్డమీద చెయ్యి పడుతుందేమోనని భయం. పడదేమోనని అంతకంటే భయం.