అందరికీ ఉండేదే

నా చిన్నప్పుడు మా వీధికి కోడికూత అక్కర్లేదు, దగ్గులే లేపేవి. పుంగనూరుకూ మదనపల్లెకూ నడుమ చిన్న పల్లె మాది. తెల్లారుతూనే ముందు మా తాత మొదలుపెట్టేవాడు. మూడు పొట్టి దగ్గులు, ఆ వెనక ఒక పొడుగుది. తాతది అయ్యేసరికి ఎదురింటి బెల్లం గానుగ పెద్దాయన అందుకునేవాడు, రాళ్ళ దోవలో ఎద్దులబండి దిగినట్టు. ఆ తర్వాత పొయ్యిలు రాజుకునే కొద్దీ వంటిళ్ళలో నుంచి ఆడవాళ్ళవి. పిల్లలం అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఏ దగ్గు ఎవరిదో చెప్పే ఆట ఆడేవాళ్ళం. ఆ ఆటలో నన్ను గెలిచినవాళ్ళు లేరు. అదేదో పెద్ద చదువైనట్టు నాకు ఎంత గర్వమో!

ఒక్క దగ్గు మాత్రం నేను తెలిసీ చెప్పేదాన్ని కాదు. అది మా అమ్మది. అమ్మ పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే షెడ్డుకు పనికి పోయేది. తెల్లారి పొయ్యి ఊది, ఇంటెనక గడ్డివామి చాటుకు పోయి, చీరచెంగు నోట్లో కుక్కుకుని దగ్గేది. బీడీ తాగే మగవాడు దగ్గితే ఎవరూ పట్టించుకోరు. బీడీ ముట్టని ఆడమనిషి పొయ్యి దగ్గర నుంచి లేచాక కూడా దగ్గితే క్షయ అంటారు. ఆ మాట పుట్టిందంటే షెడ్డులో రావద్దంటారు, పెళ్ళిళ్ళలో గ్లాసు వేరే పెడతారు. "ఎవురికన్నా నోరు తెరిసి సెప్పినావో, నా మీద ఒట్టు" అని నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. ఆ చలికాలానికి బావి నుంచి ఇంటికి బిందె మోసుకొచ్చే లోపల మూడుచోట్ల దించి ఆయాసపడేది. అమ్మ చచ్చిపోతుందని నాకు భయం. చెబితే ఒట్టు తప్పి చచ్చిపోతుంది, చెప్పకపోతే దగ్గుతో చచ్చిపోతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఎంత కష్టమో చూడండి.

అప్పుడే పక్కింటి అక్క ఊరికి వచ్చింది. మదనపల్లెలో నర్సు చదువు చదివి, కుప్పం పక్క రెండేళ్ళు పనిచేసి, మా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగం మీద సొంత ఊరికే వచ్చింది. చేతిలో కాగితాలు పట్టుకుని గడప గడపకూ పోయి దగ్గుందా అని అడిగితే, ఒక్కరన్నా ఉందంటేనా! మా తాత అయితే "లేదమ్మా" అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గాడు. అబద్ధం చెప్పాలని కాదు పాపం. పొద్దున దగ్గి కళ్లె ఉమ్మడం వాళ్ళ లెక్కలో ముఖం కడుక్కోవడం లాంటిది. దాన్నెవరు జబ్బంటారు? ఇంకొకరైతే అందరికీ "లేదు" అని రాసుకుని పోయి ఉండేవాళ్ళు. అక్క కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

మరుసటి పొద్దున మేం అరుగెక్కేసరికి ఒడి నిండా చింతగింజలతో అక్క మాకన్నా ముందే కూర్చుని ఉంది. తననూ ఆటలో చేర్చుకోమంది. మేం ఒక్కొక్క దగ్గుకూ పేరు చెప్పేకొద్దీ ఒక్కొక్క గింజ కింద పెట్టింది. తర్వాత సుద్దముక్కతో గళ్ళు గీసి, ఎవరు ఏం చేస్తారో మమ్మల్నే అడిగి గింజలు సర్దింది. బీడీలూ చుట్టలూ తాగేవాళ్ళు ఒక గడిలో. కట్టెల పొయ్యి ఊదేవాళ్ళు ఒక గడిలో. గానుగ పొయ్యి దగ్గరా పట్టు షెడ్డులోనూ పొగా ఆవిరీ పీల్చేవాళ్ళు ఇంకో గడిలో. రెండూ ఉన్నవాళ్ళ గింజ గీత మీద. రెండు గింజలు ఏ గడికీ చెందక మిగిలిపోయాయి. వాళ్ళకెందుకు వచ్చిందో తనకూ తెలియదని అక్క చెప్పింది. తెలియదని చెప్పే పెద్దమనిషిని నేను చూడడం అదే మొదలు.

ఇదేం ఆటని పెద్దవాళ్ళూ చుట్టూ చేరారు. అక్క ఈసారి దగ్గుందా అని అడగలేదు.

"తాతా, పొద్దున్నే లేస్తానే కళ్లె పడతాండాదా? పోయిన చలికాలమూ ఇట్లే నెలల తరబడి పడెనా? అంతకు ముందటేడు?"

"పడతాది. అది అందరికీ ఉండేదే కదమ్మా! దాన్ని కూడా దగ్గంటారా?"

"ఊరంతా కుంటితే కుంటేదే నడకయిపోతాదా తాతా?"

అందరూ గొల్లుమన్నారు. తాత కూడా నవ్వి, నవ్వుతో పాటే దగ్గాడు.

ఆ నవ్వుల్లో అక్క నా చెవి దగ్గరికి వంగింది. "అన్నీ సెప్పినావా పాపా? వామి పక్క నుంచి ఇంకొకటి వినబడె నాకు" అంది. నోరు తెరిచి చెప్పనని కదా ఒట్టు! నోరు తెరవలేదు. అక్క ఒడిలో నుంచి ఒక గింజ తీసి, పొయ్యి గడికీ షెడ్డు గడికీ మధ్య గీత మీద పెట్టాను. అక్క దాన్ని చూసింది, మా అమ్మ వైపు మాత్రం చూడలేదు. గింజలన్నీ కలిపి ఒడిలోకి ఊడ్చేసుకుంది.

అప్పుడు లేచి నిలబడి అందరికీ చెప్పింది. దగ్గంతా క్షయ కాదనీ, ఏళ్ళ తరబడి పొగ పీలిస్తే ఊపిరి గొట్టాలు వాచి ఇట్లా కళ్లె ఊరుతుందనీ, ఏది ఏదో పరీక్ష చేస్తే గానీ తేలదనీ. "అందరికీ ఉండేదే అంటిరి గదా. అందరమూ పోదాం" అంది. ఆ మాటలోని తెలివి నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఊరంతా పోతే మా అమ్మను వేలెత్తి చూపేవాళ్ళెవరు? ఊరు ఏ మాట చాటున జబ్బును దాచుకుందో, ఆ మాట చాటునే అక్క అమ్మను ఆసుపత్రికి తీసుకుపోయింది.

మదనపల్లె బస్సులో సగం మంది మావాళ్ళే. కండక్టరు "ఈ పొద్దు హారన్ కొట్టే పనిలేదప్పా" అని ఒకటే ఎగతాళి. ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేశారు. అమ్మది క్షయ కాదన్నారు. ఊపిరి గొట్టాలు పొగకు పాడయ్యాయనీ, దాని పేరు బ్రాంకైటిస్ అనీ డాక్టరమ్మ చెప్పింది. అమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, చీరచెంగు అడ్డం పెట్టుకోకుండా, అందరి ముందూ తనివితీరా దగ్గింది. దగ్గుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అక్క అంతటితో వదిలిందా? మా నాయన వెంటపడి వంటింటి గోడకు కిటికీ కొట్టించింది. షెడ్డు యజమానితో మాట్లాడి అమ్మను ఉడికే తొట్టి దగ్గర నుంచి గూళ్ళు ఏరే పనికి మార్పించింది. నాయన బీడీ మానడానికి రెండేళ్ళు పట్టింది. తాత మానలేదు, మొండిఘటం. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు, చలికాలం వస్తే పలకరించేది. కానీ బావి దగ్గర నుంచి బిందె దించకుండా ఇంటికొచ్చిన రోజు వాకిట్లో నిలబడి నన్ను పిలిచి మరీ చూపించింది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, మదనపల్లెలో ఉంటున్నాను. మొన్న మా ఇంటికి ఆకుకూరలు తెచ్చే ఆమె గంప దించి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమమ్మా అంటే "ఏం లేదులేమ్మా, అందరికీ ఉండేదే" అంది. నేను పక్కనే కూర్చున్నాను. పోయిన చలికాలమూ ఇట్లేనా అని అడిగాను. గంప ఎత్తుకుని పోబోయింది. నా ఊపిరి గొట్టాలు బంగారంలా ఉన్నాయి, మొన్ననే చూపించుకున్నాను. అయినా అబద్ధమాడాను.

"నాకూ ఉండాదమ్మా దగ్గు. రేపు తోడు రా, ఇద్దరమూ పోయి సూపించుకుందాం."