మోహనం అని అచ్చైన పాట

కోట అనే చిన్న పట్టణంలో ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవం. వేదిక మీద పిల్లలు స్వాగత గీతం పాడుతున్నారు. అందరికీ కనబడేచోట, ఆ ఒక్క సాయంత్రానికని నెల్లూరు నుంచి పిలిపించిన కీబోర్డు ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన తెర చాటున, ఎవరికీ కనబడకుండా, నీలం చీర యూనిఫాంలో ఒక ఆవిడ చేత్తో తాళం వేస్తూ, పెదవులతో మాటలు అందిస్తూ నిలబడి ఉంది. పిల్లల చూపులన్నీ ఆమె వైపే. పాట అయ్యాక కరస్పాండెంటు గారు మైకు అందుకుని, "మా సంగీతం మాస్టారికి గట్టిగా చప్పట్లు!" అన్నారు. కీబోర్డు ఆయన లేచి దండం పెట్టాడు. శాలువా కప్పారు. చాటున ఉన్న ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. అంతలో ఎల్‌కేజీ పాప ఒకతి గౌను తడుపుకుంటే ఎత్తుకెళ్లి కడిగి, బట్టలు మార్చింది.

ఆవిడ పేరు లిల్లీ. బడిలో ఆమె ఆయా. పొద్దున ప్రార్థన గీతం దగ్గర్నుంచి పంద్రాగస్టు పాటల దాకా ఆ బడి పిల్లలకు వచ్చిన ప్రతి పాటా ఆమె నేర్పిందే. పదేళ్లకు పైగా ఇదే తంతు. ఆయాగా పెట్టుకుని టీచరు పని చేయించుకోవడాన్ని మోసం అనాలి. ఎవరూ అనలేదు. లిల్లీ కూడా అనలేదు. "పిల్లలు బాగా పాడినారు గదా, చాల్లే" అని ఇంటికి పోయేది.

అక్కడితో ఆగి ఉంటే ఇంకో పదేళ్లు అలాగే గడిచిపోయేవేమో. కానీ ఆ వేసవికి ముందు కరస్పాండెంటు గారు ఆమెను గదికి పిలిచారు.

"వచ్చే జూన్ నుంచి సంగీతం పీరియడు టైంటేబుల్లో పెడతా ఉండాం లిల్లీ. సర్టిఫికెట్టు ఉండే మనిషి కావాల. నువ్వు ఆ డిప్లొమా ఏదో పూర్తి చేసుకోనిరా, నిన్నే వేస్తాం. లేదంటే వేరేవాళ్లు వస్తారు. నువ్వింక పాటల జోలికి పోకుండా చిన్నపిల్లల్ని చూసుకుంటే చాలు."

పాటల జోలికి పోకుండా. ఆ మాట ఆమెను పట్టుకుంది. సంగీతం డిప్లొమాలో పాడి వినిపించే పరీక్ష లిల్లీ అప్పటికే పాసైంది. పోయింది థియరీ పేపరే. రాగలక్షణాలు, మేళకర్తలు, గ్రహభేదం. ఇవన్నీ కాగితం మీద రాయాలి. ఆమెకు సంగీతం చెవి ద్వారా వచ్చింది. చర్చిలో అమ్మ పక్కన నిలబడి, అమ్మ గొంతులోంచి నేర్చుకున్నది. ఈసారి కూడా పేపరు పోతే ఆ పిల్లలకూ ఆమెకూ మధ్య పాట ఉండదు.

చెప్పేవాళ్ల కోసం వెతికింది. పట్టణంలో పేరున్న ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి, "మీ చర్చిల్లో గిటార్లు, కీబోర్డులు ఉంటాయి గదమ్మా, ఈ శాస్త్రమంతా మీకెందుకు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మన దగ్గర తలుపులు చాలావరకు నవ్వుతూనే మూసుకుంటాయి. తెలుగు క్రైస్తవులు తరతరాలుగా రాగం, తాళం ఉన్న కీర్తనలు పాడుకుంటున్నారని ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు.

చివరికి వెంకటశేషమ్మ గారి ఇల్లు దొరికింది. కొడవలూరు దగ్గర వరి పండించే కుటుంబంలో పుట్టి, వయొలిన్ నేర్చుకుని, సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరై, కోటలో చెల్లెలి ఇంటి మేడ మీద ఉంటున్న మనిషి. మోకాళ్ల నొప్పులు. నోరు మాత్రం పదునే.

"ఎవురు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు మేడం. థియరీ చెప్పేవాళ్ల కోసం తిరగతా ఉండా. మీ ఇంట్లో వయొలిన్ వినపడతా ఉంటే మెట్లెక్కి వచ్చినా."

"అది నేను కాదుమే, ఫోన్లో పాట. నా వేళ్లు ఎప్పుడో బిగుసుకుపోయినాయి. లోపలికి రా. తలుపు తెరిచిపెట్టి నిలబడితే నీతోపాటు దోమలు కూడా థియరీకి వస్తాయి."

లిల్లీ గడప పక్కనే కూర్చోబోయింది. శేషమ్మ గారు విసుక్కున్నారు. "ఆడ కూర్చుంటే నీకేం కనపడతాది? ఇట్ట రా, నా ఎదురుగా."

ఆమె పాఠం చెప్పే తీరు వేరు. పుస్తకం తెరవలేదు. నేల మీద చింతగింజలు వరసగా పేర్చారు. ఒక్కో గింజ ఒక్కో స్వరం. ఒక గింజ పక్కన తెల్లటి గవ్వ పెట్టారు. గవ్వ ఉన్నచోటు షడ్జమం, అంటే 'స'. పాటకు అదే ఆధారం. మిగతా స్వరాలు దానికి ఎంత దూరంలో ఉన్నాయన్నదే రాగానికి రూపం ఇస్తుంది.

ఆ గింజల్ని అటూ ఇటూ జరుపుతూ ఆమె మేళకర్తల పథకం విప్పి చూపించిన మధ్యాహ్నం లిల్లీ కదలకుండా కూర్చుండిపోయింది. ఉన్నవి పన్నెండు స్వరస్థానాలు. వాటిలోంచి ఏడు స్వరాల్ని నియమం తప్పకుండా ఎన్నుకుంటూ పోతే డెబ్బై రెండు మేళాలు, అంటే తల్లి రాగాలు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఇంతకుముందు ఆమె దీన్ని బట్టీ పట్టింది. ఇప్పుడు కళ్ల ముందు ఇల్లు కట్టినట్టు లేస్తుంటే చూసింది.

"ఇంత లెక్క ఎవరు కట్టినారు మేడం?"

"పెద్దోళ్లు కూర్చుని కట్టినారు. అప్పటికి ఎవురూ పాడని రాగాలకు కూడా చోటు పెట్టినారు."

"పుట్టబోయే బిడ్డలకు ముందే ఉయ్యాల కట్టినట్టు."

శేషమ్మ గారు గింజల్ని గుప్పిట్లోకి తీసుకున్నారు. "బాగుంది. పరీక్షలో మాత్రం అట్ట రాయబాక. మార్కు పోతాది."

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన ముగియగానే షేర్ ఆటో ఎక్కి వచ్చేది. 'మేడం' పోయి 'అమ్మా' వచ్చింది. భర్త జడ్సన్ రొయ్యల గుంటల మీద పనికి పోతూ, "థియరీ అంటే తినేదా, తాగేదా?" అని ఎగతాళి చేసేవాడు. అయినా అన్నం తనే వండిపెట్టేవాడు.

పరీక్ష దగ్గర పడ్డాక శేషమ్మ గారు ఇంట్లోనే ఒక పేపరు రాయించారు. మోహన రాగ లక్షణం రాసి, ఆ రాగంలో ఒక కీర్తన పల్లవికి స్వరాలు రాయమన్నారు. రాసింది చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోశారు.

"ఏందిమే ఇది? పైన లక్షణం మోహనానిది రాసినావు. కింద స్వరాలు మధ్యమావతివి రాసినావు. పెళ్లిపత్రికలో పేరు ఒకరిది, పీటల మీద కూర్చున్నది ఇంకొకరు!"

"మోహనమేనమ్మా. పాట పైన అట్టనే అచ్చేసి ఉంది."

"ఏ పుస్తకంలో?"

"మా కీర్తనల పుస్తకంలో. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తా ఉండా." లిల్లీ గొంతు తగ్గింది. "పోయినసారి పరీక్షలో కూడా ఇదే రాసినా."

ఆమె ఎక్కడ తప్పిందో శేషమ్మ గారికి అర్థమైంది. ఎందుకు తప్పిందో అర్థం కాలేదు. పాడమన్నారు. లిల్లీ తన 'స' ఏదో చెప్పింది. శేషమ్మ గారు ఆధార స్వరం మోగుతూ ఉండే శ్రుతిపెట్టెను ఆ స్వరానికే పెట్టారు. లిల్లీ పాడింది. అనుమానం లేదు, మధ్యమావతి. పల్లవి చివర గొంతు 'స' మీద స్థిరంగా నిలిచింది.

శేషమ్మ గారు శ్రుతిపెట్టెను రెండు మెట్లు కిందికి దించారు. "పాట మార్చబాక. నీ గొంతు యాడుందో ఆడే పెట్టు. కింద వినిపించే దాని గురించి మర్చిపో. పాడు."

లిల్లీ పాడింది. అదే పాట, అవే స్వరాలు, అదే ఎత్తు. సగం పల్లవికే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చిన్నప్పటి నుంచీ పాడుతున్న పాట ఆమె నోట్లోనే వేరే పాటగా మారిపోయింది. అంతకాలం దిగులుగా, సాయంత్రపు వెలుగులా ఉండే పాటలో తెల్లవారింది. పాడలేక ఆపేసింది.

"విన్నావా? ఇది మోహనం. మీ పుస్తకం అబద్ధం చెప్పలే."

శేషమ్మ గారు ఐదు చింతగింజలు పేర్చి చూపించారు. గింజ ఒక్కటీ కదపలేదు. గవ్వను మాత్రం ఒక గింజ పక్కనుంచి తీసి ఇంకో గింజ పక్కన పెట్టారు. స్వరాలు అవే ఉండగా ఆధారం మారితే రాగం మారిపోతుంది. గ్రహభేదం అంటే అదే. లిల్లీ అన్నాళ్లూ బట్టీ పట్టినా తలకెక్కని ప్రశ్న అదే.

"అసలు మోహనంలో ఈ పల్లవి 'స' మీద కాదు, రిషభం మీద, అంటే 'రి' మీద ఆగుతాది. మళ్లీ మొదటికి అందుకోవాల గదా, అందుకని. మీవాళ్లు ఏ వాయిద్యం లేకుండా పాడుకుంటా వచ్చినారు. తర్వాత ఎప్పుడో హార్మోనియం వచ్చింటాది. వాయించే ఆయన, జనం ఆగిన చోటే 'స' అనుకుని ఆ మెట్టు నొక్కిపెట్టినాడు."

"అయితే ఇన్నాళ్లూ మేం తప్పు పాడినామా అమ్మా?"

"తప్పని నేనన్నానా? నాకు మీ చర్చిలో వినాలని ఉండాది. రానిస్తారా?"

"అదేం మాటమ్మా! మిమ్మల్ని ముందు వరసలో కూర్చోబెడతారు."

"ముందు వరస వద్దు. కుర్చీ ఉంటే చాలు."

ఆ ఆదివారం శేషమ్మ గారు వచ్చారు. ఆరాధన ముగిశాక లిల్లీ ఆమెను హార్మోనియం వాయించే సమాధానం అనే అతని దగ్గరికి తీసుకెళ్లింది. ఒక్కసారి శ్రుతి మెట్టు మార్చి, అందరిచేతా ఆ పాట పాడించమని అడిగింది.

"మా తాత పట్టిన మెట్టమ్మా అది" అన్నాడు సమాధానం, వేలు తీయకుండా. "కదిలిస్తే ఆయన కల్లోకొస్తాడు."

"వస్తే నా దగ్గరికి పంపించు, సర్ది చెప్తా" అన్నారు శేషమ్మ గారు.

అతను నవ్వి మెట్టు మార్చాడు. జనం అందుకున్నారు. రొయ్యల షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు, కూలీలు, ముసలివాళ్లు, అంతా. కింద ఆధారం జారిపోయింది. నిజానికి గొంతులు చెదరాలి. సాధన చేసినవాళ్లే అక్కడ తడబడతారు. ఒక్క స్వరం చెదరలేదు. అంతమంది గొంతులు గాలిలో ఆ పాటను ఉన్నచోట ఉన్నట్టే నిలబెట్టాయి. దాని రంగు మాత్రం చర్చి గోడల మధ్య మెల్లగా మారింది. పాడుతున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పల్లవి అయింది.

ముందుగా నోరు తెరిచింది అంకాలమ్మ. సంఘంలో అందరికన్నా పెద్దది. "ఇదేం పాటమ్మే? మన పాటేనా?"

"మన పాటేనవ్వా."

"బాగుండాది. పెళ్లి పాట మాదిరి ఉండాది." మళ్లీ సమాధానం వైపు తిరిగి, "ఇంక నా పాట నాకియ్యి నాయనా. నేను దాంతోనే పోవాల" అంది. అందరూ నవ్వారు. సమాధానం పాత మెట్టు నొక్కాడు.

శేషమ్మ గారు నవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. చర్చి మెట్లు దిగుతూ లిల్లీ భుజం పట్టుకుని, "గ్రహభేదం ఎంతమందికి చెప్పినానో లెక్కలేదు. ఒక ఊరు ఊరంతా దాంట్లో కాపురముంటాదని అనుకోలే" అన్నారు. వెంటనే గొంతు సవరించుకున్నారు. "ఇది పరీక్షకు పనికిరాదు. దిద్దే ఆయన మీ చర్చికి రాలేదు. పాఠం పుస్తకంలో ఉదాహరణే రాయి. పేపర్లో పోరాటం పెట్టుకోబాక."

నెల్లూరులో పరీక్ష. హాల్లో శ్రుతిపెట్టె ఉండదు, గొంతెత్తడానికి లేదు. ఉన్నదంతా తలలో వినాలి. మోహన లక్షణం వచ్చింది. గ్రహభేదాన్ని ఉదాహరణతో వివరించమనీ వచ్చింది. మొదటి దానికి పాఠం పుస్తకంలో ఉన్న పాటకే స్వరాలు రాసింది. రెండో దానికీ పుస్తకంలో ఉన్నదంతా రాసింది. తర్వాత కలం ఆగింది. గురువు మాట గుర్తుంది. అయినా ఇంకో పేరా రాసింది. మా సంఘంలో పాడే ఒక కీర్తన ఇలా మోహనం నుంచి మధ్యమావతి అయింది అని, పల్లవికి రెండు ఆధారాలతోనూ స్వరాలు రాసింది.

సంగతి విని శేషమ్మ గారు తల పట్టుకున్నారు. "చెప్తే వినవు గదా!"

"వినపడిందమ్మా. రాయకుండా ఉండలేకపోయినా."

ఫలితాలు వచ్చాయి. లిల్లీ పాసైంది. ఆ పేరా మార్కు తెచ్చిందో లేదో మనకు తెలియదు. దానివల్ల పేపరు పోలేదన్నది మాత్రం నిజం. శేషమ్మ గారు ఆ సాయంత్రం బిగుసుకుపోయిన వేళ్లతోనే వయొలిన్ తీసి, ఆ పల్లవిని వంకరటింకరగా వాయించారట. "పిల్లి అరిచినట్టుండాది" అని తనే తిట్టుకున్నారట.

మర్నాడు లిల్లీ కరస్పాండెంటు గారి గదికి వెళ్లింది. ఆయన సంతోషించారు. కుర్చీ మాత్రం చూపించలేదు.

"మంచిదే లిల్లీ. కానీ ఇన్నేళ్లు ఆయాగా చూసిన మనిషిని ఉన్నట్టుండి టీచరంటే, పేరెంట్స్ ఏమనుకుంటారు చెప్పు?"

"వాళ్లనే అడగండి సార్."

"అడుగుదాంలే, తొందరేముంది."

అడగలేదు. బడి తెరిచే రోజు దగ్గర పడుతోంది. ఇది రాయడం అందుకే.

కోట చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకు ఒక మనవి. మీ పేరు చెప్పి ఒక మనిషి పని ఆపుతున్నారు. మీరు ఏమనుకుంటారో మీరే వెళ్లి చెప్పండి. మా బిడ్డకు పాట నేర్పింది లిల్లీ టీచరు, సంగీతం పీరియడు ఆమెకే ఇవ్వండి, టీచరుగానే వేయండి అని ఆ గదిలో నిలబడి అడగండి. ఒక్కరే వెళితే సర్ది చెప్పి పంపుతారు, కలిసి వెళ్లండి. వేరే ఊళ్లలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు ఈ రాత్రి భోజనం దగ్గర మీ పిల్లల్ని ఒక మాట అడగండి: మీకు నిజంగా నేర్పేది ఎవరు అని. పిల్లలు ఏ పేరు చెబితే ఆ పేరు పట్టుకుని రేపు బడికి వెళ్లండి.