అద్దం కట్టించిన గోగుపువ్వు

నిన్న విశాఖలో ఒక షాపు గోడమీద అద్దాల ఫ్రేములో గోగుపువ్వు బొమ్మ చూసి ఆగిపోయాను. వేరు, ఆకు, పువ్వు, కాయ అన్నీ విడివిడిగా గీసిన పాతకాలపు బొమ్మ. "వింటేజ్ ప్రింట్ ఆంటీ, హాల్లో పెడితే బాగుంటాది," అంది షాపులో అమ్మాయి.

మన ఈడువాళ్లకి గుర్తుందా, పసిపిల్లలకి ఫొటో తీస్తే ఆయుస్సు తగ్గుతుందనేవారు? అరవైల ఆఖర్లో, గజపతినగరం సంతలో ఫొటో తీయించమని మా చెల్లి ఎంత ఏడ్చినా, "వొద్దే, ఆయుస్సు తగ్గిపోతాది," అని నాయనమ్మ లాక్కొచ్చేసింది. ఆ వానాకాలమే జ్వరంతో చెల్లి పోయింది.

బెల్లం పొట్లం కట్టిన కాగితం మీద ఇలాంటి బొమ్మే ఉంటే, చెల్లి దాన్ని తలకింద పెట్టుకుని పడుకునేది. ఫొటో లేదు కదా, అమ్మ ఆ బొమ్మకే అద్దం కట్టించింది. ప్రతి శుక్రవారం పువ్వు మీద బొట్టు పెట్టేది. "ఇది ఏ అమ్మోరి పటమొదినా?" అని పక్కింటావిడ దణ్ణం పెట్టబోతే, "అమ్మోరు కాదొదినా, మా సిన్నమ్మి," అంది. నాయనమ్మ మాత్రం బతికున్నన్నాళ్లూ ఆ గోడకేసి చూడలేదు.

"ప్యాక్ చేసీమంటారా ఆంటీ?" అని అమ్మాయి అడిగేసరికి, నా వేలు అద్దం మీద పువ్వు దగ్గరుంది.

అక్కడ బొట్టు లేదు.