కుప్పతొట్టిలో పడ్డ గులాబీ కవరు

నా చిన్నప్పుడు మా వీధిలో సగం ఇళ్ళకు టమాటా గంపల వాసన ఉండేది. పుంగనూరులో మా వీధి మగవాళ్ళు చాలామంది మదనపల్లె మార్కెట్టులో గంపలు మోసే పనికి పోయేవాళ్ళు. మా నాయనా అంతే. టమాటా సీజనులో వారానికి ఒక్కసారి ఇంటికి వచ్చేవాడు. వస్తూ గంపల్లో పరిచే వరిగడ్డి ఒక సంచి నిండా తెచ్చేవాడు, పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తుందని. రాలిన గడ్డిని ఊడ్చి, వీధి చివర ఉన్న సిమెంటు కుప్పతొట్టిలో వేసేవాళ్ళం. ఇంట్లో అక్కర్లేనిది ఏదైనా దాంట్లోకే. పొద్దున నిండి ఉండే తొట్టి మధ్యాహ్నానికి ఖాళీ అయ్యేది. దాన్ని ఎవరు ఎత్తుతారో, ఆ చెత్త ఎక్కడికి పోతుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

మా అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మా బంధువుల్లో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్ల. ఆమెకు మదనపల్లెలో నర్సు ట్రైనింగుకు ఇంటర్వ్యూ వచ్చింది. ఆ కాగితం వచ్చిన రోజున మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. అమ్మకు చదువు రాదు. అక్క ఆ కాగితాన్నీ, మార్కుల లిస్టునూ, టీసీనీ ఒక పాత పేపరులో మడిచి, బట్టల కొట్టువాళ్ళు ఇచ్చిన గులాబీ రంగు ప్లాస్టిక్ కవరులో పెట్టి, నులకమంచం కింద పెట్టెకు ఆనించి ఉంచింది. ప్లాస్టిక్ కవర్లు మా ఊరికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. వాన నీళ్ళు దిగవని అందరికీ అవంటే మోజు.

రేపు ఇంటర్వ్యూ అనగా ఇది జరిగింది. నాయన ఆ రోజు సాయంత్రం వస్తాడని అమ్మ ఇల్లంతా సర్దే పని పెట్టుకుంది. మంచం కింద శుభ్రం చెయ్యమని నాతో చెప్పింది. నాకేమో బయట తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఒక పాత బకెట్టు తీసుకుని, చేతికి అందినవన్నీ అందులో కుక్కాను. గడ్డి, బూడిద, పొద్దున మిగిలిన సంగటి, సాంబారులోంచి ఏరేసిన మునక్కాయ పిప్పి, ముందురోజు నా చేతిలోంచే జారి పగిలిన లాంతరు గాజు. గులాబీ కవరు తీసి చూస్తే లోపల పాత పేపరు కనిపించింది. అదీ బకెట్టులో వేశాను. పరుగున పోయి తొట్టిలో బోర్లించి, అటునుంచి అటే ఆటకు పోయాను.

మధ్యాహ్నం అక్క కుట్టుపని నుంచి వచ్చింది. కొంతసేపటికి ఇంట్లోంచి పెట్టె ఈడ్చిన చప్పుడు, తర్వాత దుప్పట్లు దులిపిన చప్పుడు వినిపించాయి. లోపలికి పోతే అమ్మా అక్కా ఇల్లంతా వెతుకుతున్నారు. వాళ్ళు వెతుకుతున్నది గులాబీ కవరు కోసమని మాటల్లో తెలిసింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నేనూ వాళ్ళతో కలిసి, తెలియనట్టు, బియ్యం డబ్బా వెనక వెతికాను. అక్క ఏడవలేదు. గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. ఒరిజినల్ కాగితాలు లేకపోతే రేపు లోపలికే రానియ్యరని, మళ్ళీ తెప్పించుకోవాలంటే నెలలు పడుతుందని చాలా మెల్లగా అమ్మకు చెప్పింది. ఆ మెల్లని గొంతు నేను భరించలేకపోయాను. కుప్పతొట్టిలో వేశానని చెప్పేశాను.

అమ్మ నన్ను కొట్టలేదు. నా చెయ్యి పట్టుకుని వీధి చివరకు పరుగెత్తింది. తొట్టి ఖాళీగా ఉంది. ఎదురుగా టీ కొట్టాయన, ట్రాక్టరు పోయి గంట దాటిందని, ఊరి బయట వాన నీళ్ళు పారే వంక పక్కన పోస్తారని, చెత్త ఎత్తే అవ్వ కూడా అక్కడే ఉంటుందని చెప్పాడు. అక్కను ఇంట్లోనే ఉండమని, అమ్మా నేనూ ఎండలో నడిచాం.

చెత్తకుప్పను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. ముందు పొగ కనిపించింది. ఒక మూల ఎప్పుడు అంటుకుందో ఏమో, మంట లేకుండా కాలుతూ ఉంది. గొంతులో కారం పొడి పడ్డట్టు దగ్గు వచ్చింది. కుప్ప కింది నుంచి నల్లటి నీళ్ళు సన్నగా కారి వంకలో కలుస్తున్నాయి. ఏడెనిమిది ఆవులు కుప్పమీద నిలబడి మేస్తున్నాయి. గడ్డి మేస్తున్నాయేమో అనుకున్నాను. ఒకదాని మూతి నుంచి తెల్లటి కవరు సగం వేలాడుతూ ఉంది.

అవ్వ కుప్పకు ఒక పక్కన ఒంగి పని చేస్తోంది. మా వీధిలో రోజూ తోపుడుబండి తోసుకుని వచ్చే మనిషే. రోజూ చూస్తూనే ఉన్నా, ఆమె ముఖం నేను సరిగా చూసింది ఆ రోజే. కుడి అరచేతికి పాత చీర పేలిక కట్టుకుని ఉంది. దాని మీద రక్తం ఎండి నల్లబడింది. అమ్మ జరిగినదంతా చెప్పింది. అవ్వ ఏ వీధి అని కూడా అడగలేదు.

"టమాటా గడ్డి వచ్చేది మీ వీధిలోంచే గదమ్మా. మీ వీధిది ఈడుండాది," అని ఒక చోటు చూపించింది. గుడ్డు పెంకులు ఎక్కువుంటే బేకరీ సందుదని, పూలు ఉంటే గుడి వీధిదని ఆమెకు కుప్ప చూస్తేనే తెలుసు. మా బతుకులన్నీ ఆమెకు ఇంత తెలుసా అని నాకు సిగ్గేసింది. మాకు ఆమె గురించి ఏమీ తెలియదు మరి.

తర్వాత నా వైపు తిరిగి, "పాపా, దాంతో పాటు ఏమేమి ఏసినావో సెప్పు. గుర్తుపడతాను," అంది.

నేను ఒక్కొక్కటే చెప్పాను. గడ్డి, బూడిద, సంగటి, మునక్కాయ పిప్పి. అక్కడ ఆగిపోయాను. నా కళ్ళు ఆమె చేతికట్టు మీద ఉన్నాయి. అమ్మ ఇంకేం వేశావని గద్దించింది. పగిలిన లాంతరు గాజు అన్నాను.

అవ్వ పని ఆపింది. తన అరచేతిని చూసుకుంది. నేను తలవంచుకుని కుప్పలో చెయ్యి పెట్టబోయాను. అలా చేస్తే తప్పు కొంతైనా తీరుతుందని అనుకున్నానేమో. ఆమె నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"నువ్వు పెట్టొద్దు. లోపల గాజు ఉంటాది. తెగుతాది."

ఆ మాట ఆమె కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్నేమో. మామూలుగా, సొంత మనవరాలికి చెప్పినట్టు చెప్పింది. చెప్పి, తెగిన చేత్తోనే వెతకసాగింది.

అమ్మ కర్రతో గెలుకుతోంది. బూడిద దొరికింది, మునక్కాయ పిప్పి దొరికింది, గాజు పెంకులు కూడా దొరికాయి. కవరు లేదు. పక్కనే చిరిగిన టార్పాలిన్ పట్టా కింద అవ్వ ఆ రోజు ఏరి పెట్టిన పొడి కాగితాలు, అట్టలు ఉన్నాయి. అమ్మ వాటినీ ఒక్కొక్కటే తీసి చూసింది. అందులోనూ లేదు. పొగ మా వైపు తిరిగింది. నాకు ఇక కవరు దొరకదనిపించింది.

అప్పుడు అవ్వ తల ఎత్తి ఆవుల వైపు చూసింది. "కవరుకు సంగటి అంటుకొని ఉంటే అవి యాల వదుల్తాయి," అని తనలో తాను అనుకుని లేచింది. కొంచెం దూరంలో ఒక బక్క ఆవు దేన్నో కాలికింద తొక్కిపట్టి లాగుతోంది. గులాబీ రంగు.

నేను పరుగెత్తబోతే అమ్మ ఆపింది. బెదిరితే మింగేస్తుందని అవ్వ చెప్పింది. తాను మాత్రం తొందరలేకుండా నడిచింది. ఆవుతో ఏదో మాట్లాడుతూ మెడ కింద నిమిరింది. ఎడమ చేత్తో దవడ పట్టుకుని, కుడిచేత్తో కవరును మెల్లగా, మెల్లగా బయటికి లాగింది. చొంగ కారుతూ కవరు వచ్చింది. అవ్వ అప్పటికీ ఆవును వదల్లేదు. నోట్లోకి రెండు వేళ్ళు పెట్టి, చిరిగి నాలుక మీద మిగిలిన ప్లాస్టిక్ ముక్కను కూడా తీసి పారేసింది. అదంతా అయ్యాకే కవరు అమ్మ చేతికి ఇచ్చింది.

పేపరు మడత తడిసింది. లోపల మార్కుల లిస్టు ఒక మూల ఆవు పళ్ళకింద నలిగి, కొంచెం ఊడిపోయింది. మిగతా కాగితాలు బాగున్నాయి. అక్షరాలు, ముద్ర, అక్క పేరు అన్నీ ఉన్నాయి. అమ్మకు చదవడం రాదు కాబట్టి నేను గట్టిగా చదివి వినిపించాను. అమ్మ ఉన్నచోటే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అంత హాయి నాకు తర్వాత పిల్లలు పుట్టినప్పుడే మళ్ళీ తెలిసింది.

అమ్మ తన కొంగు చించి అవ్వ చేతికి కొత్త కట్టు కట్టింది. అప్పుడు నేను, ఆ గాజు నాదే అవ్వా అన్నాను.

"తెలిసిందిలే," అంది అవ్వ. "ఇంగ మీదట గాజును గుడ్డలో సుట్టి నా సేతికియ్యి. అన్నం మెతుకులు కవర్లో కట్టొద్దు. తడిదీ పొడిదీ కలిపితే నాకూ కష్టం, దీనికీ సావు." దీనికి అన్నప్పుడు ఆమె చూసింది ఆవు వైపు. పోయిన నెల ఇలాంటిదే ఒకటి మేత మానేసి చచ్చిపోతే, కడుపులో గంపెడు కవర్లు బయటపడ్డాయని మేము బయలుదేరేటప్పుడు చెప్పింది. వంక దిగువ బావిలో నీళ్ళు ఎవరూ తాగడం లేదని కూడా చెప్పింది. నేను తొట్టిలో బోర్లించింది ఎక్కడికీ పోలేదని, నడిచి నడిచి మళ్ళీ ఎవరి కడుపులోకో, ఎవరి బావిలోకో చేరుతోందని ఆ దారిలో నాకు అర్థమైంది. ఇన్ని మాటల్లో కాదు, పిల్లలకు అర్థమయ్యే తీరులో.

మరుసటి రోజు అక్క నాయనతో మొదటి బస్సుకు మదనపల్లె పోయింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దామె మార్కుల లిస్టు మూల చూసి ఇదేమిటని అడిగిందట. ఆవు నమిలిందని అక్క ఉన్నది ఉన్నట్టు చెప్పిందట. ఆమె నవ్వి, కథంతా అడిగి విని, పేరు రాసుకుందట. అక్క నర్సు అయింది. కుప్పంలో చాలా ఏళ్ళు పనిచేసి అక్కడే రిటైరైంది.

మా ఇంట్లో ఆ వారం నుంచే రెండు బకెట్లు వచ్చాయి. మెతుకులు, తొక్కలు ఒకదాంట్లో, కాగితాలు, డబ్బాలు ఇంకోదాంట్లో. అవ్వ బండి చప్పుడు వినిపిస్తే నేనే ఎదురుపోయి ఇచ్చేదాన్ని. ఆమె అరచేతి మీద గీత మానింది కానీ, రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకునేవి కావు. నేను పెళ్ళయి వెళ్ళేదాకా ఆమె ఆ బండి తోస్తూనే ఉంది.

ఇప్పుడు నేనూ కుప్పంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. పొద్దున్నే చెత్తబండి పాట పెట్టుకుని వస్తుంది. ఈ వీధికి వచ్చే అమ్మాయి పేరు నాకు తెలుసు, ఆమె పిల్లలు ఏ తరగతో తెలుసు. బుట్టలు రెండూ నేనే కిందికి తీసుకుపోతాను. మోకాళ్ళ నొప్పులతో ఎందుకీ దిగడం అని కోడలు కోప్పడుతుంది. పైకి వచ్చాక, "చెత్త పారేశావా అవ్వా?" అని నా మనవరాలు అడుగుతుంది. నా నోట పారేశాను అనే మాట రాదు. ఎన్నేళ్ళుగానో రాదు.

"ఇచ్చొచ్చానమ్మా," అంటాను.