అందరికీ దండం పెట్టిన అత్త

కలకత్తాలో మా వాట్‌గంజ్ సందులో పక్కింటి అత్త మంగళవారం పొద్దున్న పోయింది. టీ తాగి, గ్లాసు కడిగి, అలా మంచం మీద ఒరిగిందట. బాధపడకుండా పోయింది, అంతవరకు హమ్మయ్య అనుకున్నాను. వెంటనే దిగులు పట్టుకుంది: ఈ ఆదివారం వాళ్లంతా ఎక్కడ కూర్చుంటారు?

వాళ్లంటే అత్త మతం వాళ్లు. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేసిన ఒకాయన మొదలుపెట్టిన మతం అది. పటం లేదు, పూజారి లేడు. ఆదివారం ఒకచోట మౌనంగా కూర్చోవాలి, లేచేముందు ఒకరి కాళ్లకొకరు దండం పెట్టుకోవాలి. చిన్నా పెద్దా తేడా లేదు. ఏళ్ల తరబడి ఆ చోటు అత్త అద్దె గదే. "నాను పోతే ఈళ్లు ఏ గుమ్మం ఎక్కుతార్రా?" అని నా దగ్గర ఎన్నిసార్లు బెంగపడిందో!

పెద్దవాళ్లు కాళ్లు ముట్టుకుంటే చిన్నవాళ్లకు ఆయుష్షు తగ్గుతుందని కదా మనవాళ్ల భయం! నాకు ఏడేళ్లప్పుడు అత్త నా కాళ్లకు దండం పెట్టింది. వారం తిరక్కుండా టైఫాయిడ్ వచ్చింది. ఇంకేముంది, మా అమ్మ సందు దద్దరిల్లేలా అరిచింది.

"నీ మతం మండిపోనూ! నా కొడుకు ఆయుస్సు తినేస్తావేటే?"

అప్పటినుంచి అత్త కనబడితే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. అత్త మాత్రం నాకు తగ్గేదాకా కొళాయి దగ్గర మా వంతు నీళ్లు తనే పట్టి, బిందెలు మా గుమ్మంలో పెట్టి వెళ్లేది. అమ్మ నీళ్లు వాడుకుంది గానీ మాట కలపలేదు. నేను కూడా పెద్దయ్యాక ఒక్కసారైనా థాంక్స్ చెప్పలేదు. సిగ్గుగా ఉంది, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను.

మొత్తానికి నేను చావలేదు. టెన్త్ తప్పాను, కార్పొరేషన్‌లో పనికి కుదిరాను, పెళ్లాడాను, బట్టతల కూడా వచ్చేసింది. నా ప్రతి పుట్టినరోజుకీ అత్త బయటినుంచి కేకేసేది: "వదినా, నీ కొడుక్కి ఇంకా ఆయుస్సుందేటి?" మొదట్లో అమ్మ తలుపేసేది. తర్వాత్తర్వాత నవ్వాపుకోలేక మొహం తిప్పుకునేది. నన్ను చూసి చూసి సందువాళ్లకూ భయం పోయింది. ఇద్దరు ముగ్గురు వెళ్లి కూర్చోవడం కూడా మొదలుపెట్టారు. నేను బతికుండడమే ఆ మతానికి జరిగిన ప్రచారం!

అత్తను సాగనంపి వచ్చేసరికి ఇంటి ఓనరు అత్త గదికి తాళం వేసేశాడు. బెంగాలీలు, బిహారీలు, మనవాళ్లు, పాతికమంది సందులో నిలబడిపోయారు. మా ఇంట్లో మాట అమ్మదే కాబట్టి నేను మా గుమ్మంకేసి చూశాను. అమ్మే గుమ్మంలోకొచ్చి గదమాయించింది.

"అలా నిలబడిపోయారేటి? ఆదివారం మా ముందు గదిలో కూకోండి. వదిన బతికుండగా ఒక్కనాడూ నాను పిలవలేదు."

గుండెల మీంచి బండ దించినట్టయింది నాకు.

మొన్న ఆదివారం మా ఇంటి ముందు అడుగు పెట్టడానికి చోటు లేదు, అన్నీ చెప్పులే. లోపల అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. అమ్మ మాత్రం "ఏటీ గోల, దారికడ్డంగా!" అని గొణుక్కుంటూ, నడుం పట్టుకుని వంగి, వాళ్ల చెప్పులు ఒక్కో జతా చేత్తో సర్దుతోంది.