సాకమ్మ కడిగిన ఫిల్టర్

1961. చిక్కబళ్ళాపురం బస్టాండు ఎదురుసందులో నా మోటార్ స్పేర్ పార్ట్స్ అంగడి. అంతకుముందు మా నాయన అక్కడే వేరుశనగ నూనె అమ్మేవాడు కాబట్టి గోడలకు రెండు రకాల నూనె వాసనా పట్టి ఉండేది. బాగేపల్లి, చింతామణి, గౌరీబిదనూరు వైపు తిరిగే బస్సులకూ లారీలకూ ఏ చిన్న వస్తువు కావాలన్నా నా దగ్గరికి రావాలి, లేదా బెంగళూరు పోవాలి. ఆ గర్వం నాకు కొంచెం ఉండేది. కొంచెమేనా అని మా ఇంట్లోవాళ్ళు అడుగుతారు, వాళ్ళ మాట వదిలేయండి.

పాత పెట్రోల్ బండ్లకు డీజిల్ ఇంజన్లు మార్పించుకోవడం అప్పుడు జోరు మీద ఉంది. డీజిల్ ఇంజన్‌కు ప్రాణం ఇంజెక్షన్ పంప్. డీజిల్‌ను సన్నటి ధారగా ఇంజన్‌లోకి చిమ్మేది అదే. దానిలోకి పిసరంత ఇసుక పోయినా, బొట్టు నీళ్ళు పోయినా పాడవుతుంది. అందుకని ట్యాంకుకూ పంపుకూ నడుమ ఒక ఫిల్టర్ పెడతారు. బయట కనిపించే గిన్నెను బౌల్ అంటారు, లోపల వడకట్టే గొట్టాన్ని ఎలిమెంట్ అంటారు. మార్చుకోవలసింది ఆ ఎలిమెంట్‌నే.

ఫిల్టర్ కొనడానికి వచ్చేవాళ్ళతోనే నాకు ఎక్కువ తలనొప్పి. ఇంజన్ ఒక కంపెనీది, బౌల్ ఇంకో కంపెనీది, బిగించినవాడు మూడో ఊరివాడు. అట్టపెట్టె మీద రాసింది చూసి ఇస్తే పది బండ్లలో సగానికి సరిపోదు. పాతది తీసుకురండయ్యా అంటే ఎవరూ తేరు. ఒకాయన పేరేసంద్ర నుంచి రెండు చేతులూ ఎడంగా పట్టుకుని బస్సు దిగి వచ్చాడు. "ఇంతుంటాదప్పా" అన్నాడు. దారిలో టికెట్టు తీసుకోవడానికో, తెలిసినవాళ్ళకు దండం పెట్టడానికో ఆ చేతులు కదలకుండా ఉంటాయా? ఇంకా పొడవు ఒక్కటే చాలదు. నడిమి బోల్టు దూరే రంధ్రం చూడాలి, కింద కూర్చునే గాస్కెట్, అంటే రబ్బరు చక్రం, బిగుతుగా పట్టుకుంటుందో లేదో చూడాలి. అక్కడ వెంట్రుకంత సందు ఉన్నా డీజిల్ వడకట్టుకోకుండానే పక్కనుంచి జారిపోతుంది.

ఆ ఏడాది ఎండలు ముదిరే ముందు ఒక బస్సును జోడెద్దులు లాక్కొచ్చి మా సందు మొదట్లో నిలబెట్టాయి. ఆ బస్సు ఈ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. ఇల్లుబండి అనేవాళ్ళు. అశ్వత్థప్ప అనే డ్రైవరు ముప్పై ఏళ్ళు దాన్ని తోలి, యజమాని పక్కన పడేస్తే వదులుకోలేక తానే కొనుక్కున్నాడు. సీట్లన్నీ పీకేసి, పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టించి, భార్య సాకమ్మతో అందులోనే కాపురం పెట్టాడు. వాళ్ళకు పిల్లలు లేరు. జాతర ఎక్కడుంటే అక్కడికి పోయి బండి వెనకవైపు తలుపు తీస్తే అదే అంగడి. కారాసేవ, బోండా, వేయించిన బొరుగులు. కైవార జాతరలో ఆయమ్మ బోండాల కోసం జనం తోసుకునేవాళ్ళు, ఆ తోపులాటలో నేనూ ఉన్నాను.

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు. ఆ బండి ఎక్కితే సాకమ్మ ఎటువంటిదో ఎవరూ చెప్పనక్కరలేదు. గిన్నెలు చింతపండుతో తోమి బోర్లించి ఉండేవి. డ్రైవరు సీటు పక్కన తులసి కుండీని తాడుతో కట్టేసింది. స్టీరింగును కూడా రోజూ తడిగుడ్డతో తుడిచేది. మసి చేతులతో నేను లోపల అడుగుపెడితే ముందు చెంబుడు నీళ్ళు ఇచ్చి, చేతులు కడుక్కున్నాకే మాట కలిపేది.

ఆ రోజు అశ్వత్థప్ప ముఖం వాడిపోయి ఉంది. ఎద్దులవాళ్ళను పంపేసి నా బల్ల ముందు కూలబడ్డాడు.

"మిట్ట ఎక్కుడు వస్తే చాలు, బండి నిలబడిపోతాండాది శెట్టప్పా. చదునులో బాగానే పోతాది. కొంచేపు ఆపితే మళ్ళా స్టార్ట్ అవుతాది. ఇంకో ఎక్కుడు వస్తే మళ్ళా అదే కథ. చింతామణిలో మెకానిక్కు చూసినాడు. పంపు పోయిందన్నాడు."

"ఫిల్టర్ చూసినాడా?"

"చూసినాడప్పా. విప్పి చూసి, ఇది కొత్తదాని మాదిరి తళతళలాడతాండాది, దీంట్లో ఏమీ లేదన్నాడు. కొత్త పంపు వేయించే తాహతు నాకి లేదు. ఒక లారీ ఆయన ఛాసీస్ తీసుకుంటానన్నాడు. బాడీ తీసేసి లారీ కట్టించుకుంటాడంట. రేపు వచ్చే సంతకు ఇస్తానని మాటిచ్చేసినా."

ఛాసీస్ అంటే బండికి అడుగున ఉండే ఇనుప చట్రం. అదొక్కటి తీసుకుంటే పైన ఉన్న ఇల్లంతా పాత ఇనుము కిందే లెక్క. ఈ మాట అతను నాకు చెబుతున్నాడే గానీ, చూపు సందు మొదట్లో ఉన్న బండి మీదే ఉంది.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చినావప్పా?"

"అమ్మేముందర ఒక్కసారి ఫిల్టర్ మార్చి చూడమని ఆయమ్మ ఒకటే పట్టు."

సాకమ్మ అప్పటికే అంగడి మెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. "హొసూరులో మా తమ్ముడు రమ్మంటాండాడు శెట్టప్పా. మంచోడే, కాదనను. అయితే వాళ్ళింటి మూలలో నా పొయ్యి యాడ పెట్టుకునేది? ఇన్నాళ్ళకి నాది అని ఒక ఇల్లు ఏర్పడితే, దానికి చక్రాలుండేది తప్పా?" అంది.

నాకు నవ్వు వచ్చింది. పనిముట్ల సంచీ తీసుకుని బండి దగ్గరికి నడిచాను.

బౌల్ విప్పి ఎలిమెంట్ చేతిలోకి తీసుకున్నాను. మెకానిక్ చెప్పింది నిజమే. ఇంత శుభ్రమైన పాత ఫిల్టర్‌ను నా వ్యాపారంలో ఎప్పుడూ చూడలేదు. అది అప్పుడప్పుడే బజారులోకి వస్తున్న పేపర్ రకం. పసుపుపచ్చటి గట్టి కాగితాన్ని సన్నటి మడతలుగా మడిచి గుండ్రంగా అమర్చి ఉంటారు. డీజిల్ ఆ మడతల గుండా ఊరుతూ పోవాలి. నల్లబడితే తీసి పారేసి కొత్తది వేసుకోవడమే, వేరే వైద్యం లేదు. దీన్ని అతను ఆరేడు నెలల కిందట బెంగళూరులో కొన్నాడట. అన్ని నెలలు జాతర దుమ్ములో తిరిగినది ఇంత శుభ్రంగా ఎట్లా ఉంటుంది? వెలుగుకు ఎత్తి చూశాను. మడతలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిల్ వాసన అడుగున ఇంకో వాసన ఉంది. కుంకుడుకాయ! బౌల్ అడుగున నీళ్ళు కూడా తేరుకుని ఉన్నాయి.

సంగతి అర్థమైంది. చదునులో ఇంజన్‌కు కొంచెం డీజిల్ చాలు, ఉబ్బిన కాగితం గుండా ఎట్లాగో ఊరుతుంది. ఎక్కుడులో ఎక్కువ కావాలి, అప్పుడు అందదు. పంపుకు ఏ జబ్బూ లేదని వాళ్ళకు చెప్పాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది.

"దీన్ని ఎవరు కడిగినారు?" అని అడిగాను. నా గొంతు కాస్త గట్టిగానే వచ్చి ఉంటుంది.

సాకమ్మ ముఖంలో రక్తం లేదు. కొంగును గుప్పిట్లో నలిపేస్తోంది. నేను ఆమె వైపు తిరగబోయేలోగా అశ్వత్థప్ప నడుమ వచ్చి నిలబడ్డాడు.

"నేనే కడిగినాను శెట్టప్పా. బుద్ధిలేక కడిగినా. నన్ను తిట్టు."

ముప్పై ఏళ్ళు బండి తోలినవాడు ఫిల్టర్‌ను కుంకుడుకాయ నురగలో ముంచుతాడా? అది అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలిసిందని అతనికీ తెలుసు. అయినా కనురెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు. తిట్టడానికి నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగేశాను.

"ఈయప్ప మాట నమ్మద్దు, నేనే కడిగినా" అంది సాకమ్మ వెనకనుంచి. "పాత గుడ్డ ఫిల్టర్ ఉన్నప్పుడు ఈయప్ప కడిగి పెట్టేది నేను చూసినా. ఇది నల్లగా మసిబట్టి ఉంటే చూస్తా ఊరికే ఎట్లుండేది? నూనె బట్టని కడిగినట్ల కుంకుడు రసంలో నానబెట్టి, పిండితే చినుగుతాదని పిండకుండా నీడలో ఆరబెట్టినా. రెండుమూడు తూర్లు చేసినా. ఈయప్ప సంతకి పోయినప్పుడు." అంతవరకూ చెప్పి బండి మెట్టు మీద కూర్చుండిపోయింది. "నా ఇంటిని నేనే నా చేతులతో పోగొట్టుకుంటాంటినే" అని ఏడ్చింది.

నీడలో ఆరబెట్టిందట! ఆ మాట వింటే నాకు కోపం పోయి నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి. చంటిపిల్ల గుడ్డలను కూడా అంత జాగ్రత్తగా ఎవరూ చూసుకోరు. అశ్వత్థప్ప ఆమె పక్కన కూర్చుని, "ఏడవద్దే, పంపు పోలేదంటాండాడు కదా, ఇను" అన్నాడు.

నేను అంగట్లోకి పోయి సరిపోయే పేపర్ ఎలిమెంట్ ఒకటి వెతికి తెచ్చాను. రంధ్రం చూసి, గాస్కెట్ కూర్చోబెట్టి చూసి, ఇది సరిగ్గా పడుతుందని చెప్పాను. "ఇది మంచిది. సన్నటి దుమ్మును కూడా ఆపుతాది. నల్లబడితే నా దగ్గరికి రండి, కొత్తది ఇస్తా. కడగద్దు, అంతే."

"ఇంక ముట్టుకోనప్పా, దేవుని మీద ఒట్టు" అంది సాకమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

అశ్వత్థప్ప ఆ ఎలిమెంట్‌ను తిప్పి తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు. "కడుక్కునే రకం ఉండాదా?" అన్నాడు.

ఉంది. పాత స్టాకు, వెనక అరలో. ఇనుప జాలీ గొట్టం మీద ఫెల్ట్ తొడిగి ఉంటుంది, అంటే కంబళిలాగా దట్టంగా అదిమిన ఉన్ని గుడ్డ. దాన్ని కిరసనాయిలులో కడిగి మళ్ళీ వేసుకోవచ్చు. అయితే మరీ సన్నటి దుమ్ము దాని గుండా జారిపోతుంది, పంపు తొందరగా అరుగుతుంది. ఇదంతా అతన్ని పక్కకు పిలిచి చెప్పాను. మంచి సరుకు ఇస్తానంటే పాతది అడుగుతావేమప్పా అని కసురుకున్నాను కూడా. ఒట్టు కూడా వేసింది కదా అన్నాను.

"ఒట్టు నిలబెట్టుకుంటాది శెట్టప్పా, అదే నా బాధ" అన్నాడు. "ఆ బండిలో ఆయమ్మ చెయ్యి పడని వస్తువు ఒక్కటీ లేదు. ఇంజన్ ఒక్కటి నీది కాదు, ముట్టుకోవద్దని ఎట్ల చెప్పేది? ఇల్లంటే అంతా ఇల్లే కదప్పా."

నేను వెనక అర దగ్గరికి నడిచాను. ఫెల్ట్‌ది తెచ్చాను. ఎత్తు కొంచెం తక్కువైతే కింద మందపాటి వాషర్ వేసి సరిచేశాను. సాకమ్మను దగ్గరికి పిలిచి, నీళ్ళు బొట్టు కూడా తగలకూడదనీ, కిరసనాయిలు ఒక్కటేననీ, ఒకసారి కడిగిన కిరసనాయిలు మళ్ళీ వాడకూడదనీ చెప్పాను. ఆమె వెంటనే లోపలికి పోయి, మూతున్న గిన్నె ఒకటి తెచ్చి, ఇది దీనికే, ఇంక వంటకు వాడనని విడిగా పెట్టుకుంది. ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు కూడా వదిలేశాము. తరువాత బ్లీడింగ్ చేశాము. ఫిల్టర్ మార్చినప్పుడు గొట్టాల్లో గాలి చేరుతుంది. స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతూ, నురగ ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా గాలి తీసేయాలి. ఆ నురగ ఆగేదాకా ఆమె ఊపిరి బిగబట్టి చూసింది.

ముగ్గురమూ బండిలో నంది కొండ వైపు బయలుదేరాము. ఎక్కుడు మొదలవగానే అశ్వత్థప్ప గేరు మార్చాడు. గిన్నెలు గలగలలాడుతున్నాయి. బోండాలు వేయించే బాండ్లి దొర్లకుండా సాకమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బండి ఎప్పుడూ నిలబడిపోయే చోటు లాంటి నిటారైన ఎక్కుడు వచ్చింది, పోయింది. పైకి చేరాక, ఇంక చాలు, తిప్పుదామా అన్నాను.

"ఆపద్దు, ఇంకా పోనీ" అంది సాకమ్మ. అశ్వత్థప్ప నన్ను అడగనైనా అడగకుండా పోనిచ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నా అంగడి మళ్ళీ తెరుచుకోలేదు. మరునాడు అతను సంతకు పోయి, లారీ ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసి తన మాట వెనక్కి తీసుకున్నాడని తరువాత తెలిసింది.

కొన్నేళ్ళు గడిచాక ఇల్లుబండి మళ్ళీ మా సందు మొదట్లో ఆగింది. ఈసారి నిజంగానే పంపు అరిగిపోయింది. కొత్త పంపు కోసం ఇన్నాళ్ళూ కూడబెట్టుకుంటూ వచ్చాడట. అశ్వత్థప్ప దాన్ని గుడ్డలో చుట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు. బయట అరుగు మీద సాకమ్మ మూత గిన్నె ముందు పెట్టుకుని, చీర మోకాళ్ళకు ఎగదోపుకుని, ఫెల్ట్‌ను కిరసనాయిలులో మెల్లగా అద్ది అద్ది తీస్తోంది. నన్ను చూసి, "చూడు శెట్టప్పా, ఎట్ల పెట్టుకున్నానో!" అని అక్కడినుంచే ఎత్తి చూపించింది. నేను తల ఊపాను. తరువాత వ్యాపారి బుద్ధి ఊరుకోక, అరిగిన పంపును తిప్పి చూస్తూ, "నేను ఆ పొద్దు చెప్పినట్టు పేపర్‌ది వేసుకుని ఉంటే ఇంకా నాలుగేండ్లు వచ్చేది" అన్నాను.

"తెలుసప్పా" అన్నాడు అశ్వత్థప్ప, బల్ల మీదికి వంగి. "మెల్లగా చెప్పు. ఆయమ్మకి వినపడతాది."

ఏ ఇంజన్‌కు ఏ ఫిల్టర్ పడుతుందో చెప్పడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. అమ్మడం ఒక్కటే నాకు తెలిసిన పని. ఎంచుకోవడం ఎట్లాగో ఆ రోజు అశ్వత్థప్పను చూసి నేర్చుకున్నాను. గొంతు తగ్గించి, అతనికి ఒక మంచి పంపు చూపించాను.